కార్తీక నియమము



దీపావళి అమావాస్య గడచిన మరునాడు మొదలుకొని మరుసటి అమావాస్య వరకు గల ముప్పది దినములను మనము కార్తీక మాసమందుము. ఏ మాసమున పున్నమి చంద్రుడు కృత్తికా నక్షత్రముతో కూడియుండునో ఆ మాసము కార్తీకము. మన పల్లెలలో పిల్లలకోడి యని పిలుచు చిన్న చుక్కల గుత్తియే ఈ కృత్తిక. కార్తీక పున్నమి రాత్రి చంద్రుని చెంత దానిని వెదకి చూడుడు; మాసమునకు ఆ పేరెట్లు వచ్చెనో పంచాంగము విప్పకయే తెలియును.

ఈ లెక్క దేశమంతటను ఒక్కతీరుగా లేదు. మనమును మహారాష్ట్రులును అమావాస్యతో మాసమును ముగింతుము. ఉత్తర దేశమున పున్నమితో ముగింతురు. కావున కాశిలో కార్తీక స్నానములు మనకంటె పదునైదు దినములు ముందుగా మొదలై పున్నమితో సమాప్తమగును. మన మాసము పున్నమి పిమ్మట ఇంకను ఒక పక్షముండును. కొడుకులు ఉత్తరమున ఉద్యోగములు చేయుచున్న పెద్దలు, అక్కడ కార్తీకము ముగిసినదన్న వార్త విని తికమకపడ నక్కరలేదు. లెక్క వేరైనను పున్నమి మాత్రము అందరికి ఒక్కటే. ఆ నాడే కాశిలో గంగయొడ్డున దేవదీపావళి జరుగును. ఆ నాడే సిక్కులు గురునానకు జయంతి జరుపుకొందురు.

మాసము పొడవునను మనకు పనియే. మన తెలంగాణమున పెక్కు ఇండ్లలో దీపావళి అమావాస్యనాడు గాని కార్తీక పున్నమినాడు గాని కేదారేశ్వరుని నోము నోచుకొని ఇరువదియొక్క పోగుల తోరము కట్టుకొందురు. సోమవారములు శివునికి, ఏకాదశి విష్ణువునకు. ఆ ఏకాదశినాడు స్వామి యోగనిద్రనుండి మేల్కొనునని నమ్మకము. మరునాడు క్షీరాబ్ధి ద్వాదశి. తులసికోటలో ఉసిరికొమ్మ నాటి పెండ్లి చేయుదురు. పున్నమినాడు ఏడాదికి దినమునకొక్కటి చొప్పున 365 వత్తుల గుత్తిని నేతిలో తడిపి వెలిగింతురు. శివకేశవులను వేరుచేయని మాసమిది. ధర్మపురికి పోయిచూచిన ఈ మాట అర్థమగును. అక్కడ లక్ష్మీనరసింహస్వామి కోవెల చెంతనే రామలింగేశ్వరుని గుడి కలదు. నరసింహ శతకము చెప్పిన శేషప్పకవి ఆ ఊరివాడే.

మన ప్రాంతమునకు ఈ మాసమందు ప్రాణము గోదావరి. 2016వ సంవత్సరము అక్టోబరులో జిల్లాలు విడిపోవువరకు ఇద్దరి కరీంనగరము, అద్దరి ఆదిలాబాదు, నడుమ నది. ఎగువను బాసరలో జ్ఞానసరస్వతి, దిగువకు రాగా ధర్మపురి, వేదపండితుల నివాసమైన మంథెన, నది ఉత్తరవాహినియైన చెన్నూరు, ప్రాణహిత వచ్చి కలియు కాళేశ్వరము. కాళేశ్వరమున ఒక్క పానవట్టముపై రెండు లింగములు. ఒకటి కాలునిది, ఒకటి ముక్తీశ్వరునిది. నదికి దూరమైన వారికి వేములవాడ రాజన్న కలడు. ధర్మగుండమున మునిగి, కోడెను కట్టి మ్రొక్కు తీర్చుట ఈ సీమవారి వాడుక.

ఈ గోదావరి నీటికై మాసనియమము పూనువారు మనమే కాము. అద్దరి అడవులలోని గోండులలో మెస్రం వంశీయులు పుష్యమాసమున కేస్లాపూరు నాగోబా పూజకై కాలినడకన, పాదరక్షలు లేక, జన్నారము మండలములోని హస్తినమడుగు వరకు పోయి గోదావరి జలమును కలశమున తెత్తురు. పూజకు కుండలు సిరికొండ కుమ్మరులు చేయవలెను. పుష్య అమావాస్య రాత్రి మహాపూజ. వారి పురాణము వేరు, మన పురాణము వేరు. నది ఒక్కటి, నియమము ఒక్కటి. నియమమన నేమో తెలిసికొనుటకు నాకు వారి నడక ఎన్నియో వ్యాఖ్యానములకంటె ఎక్కువగా తోడ్పడినది.

నియమమన నేమి? తన్ను తాను నియమించుకొనుట. మాట చిన్నది, కాని మనము దానిని తరచుగా తలక్రిందు చేయుదుము. మనము పూనిన నియమముతో ఎదుటివానిని కొలువ మొదలిడుదుము. ఈ దోషము ఎవరిదో చెప్పుటకు ఇతరుల యిండ్లకు పోనక్కరలేదు. నా కథనే చెప్పెదను.

1984వ సంవత్సరమున నేను ఆదిలాబాదు జిల్లాలో ఒక పల్లెకు తెలుగు పండితునిగా పోయితిని. వయసు చిన్నది, చదివిన శాస్త్రము క్రొత్తది, గర్వము రెంటికంటె పెద్దది. కార్తీకము రాగానే తెల్లవారు జామున మైలు దూరమున నున్న వాగుకు పోయి మునిగి వచ్చుచుంటిని. సాయంకాలము ఊరి శివాలయమున కార్తీక పురాణము చదువుచుంటిని. వసిష్ఠుడు జనకునకు చెప్పినట్లుగా దినమున కొక అధ్యాయము చొప్పున ముప్పది అధ్యాయములు. వినవచ్చువారు ఇరువదిమందికి తగ్గకుండిరి. నేను నా స్నానములను లెక్కించుకొనుచుంటిని. ఏ నాడు ఎవరు రాలేదో దానినికూడ లెక్కించుచుంటిని.

వారిలో ఒక ముసలవ్వ కలదు. అధ్యాయము సగము గడచిన పిమ్మట వచ్చి, వెనుక స్తంభమునకు చేరగిలి కూర్చుండును. కూర్చుండినంతనే నిద్రించును. ఒకనాడు గుర్రుపెట్టినది, పిల్లలు నవ్విరి. నాకు కోపము వచ్చినది. పుస్తకము మూసి, నిద్రించువారు ఇంటనే నిద్రింపవచ్చునని, దేవుని యెదుట గుర్రుపెట్టుట పాపమని అందరు వినునట్లు అంటిని. అవ్వ మారుమాటాడక లేచి పోయినది. మరునాడు రాలేదు. ఆ మరునాడును రాలేదు. నేను దానిని గమనించితిని, బాగుగనే యున్నదనుకొంటిని.

మూడవ సాయంకాలము పురాణమునకు కూర్చుండునప్పటికి దీపము వెలుగలేదు. పూజారిని అడిగితిని. వత్తులు నిండుకొన్నవనెను. ఇన్నాళ్లు ఎక్కడినుండి వచ్చుచుండెనని అడిగితిని. ఆ అవ్వయే తెచ్చుచుండెనట. అవి పత్తి యేరు దినములు. ఆ నల్లరేగడి నేలలలో పత్తికాయ పగులుటయు కార్తీకము వచ్చుటయు ఒక్కమారే కదా. ఆమె పొద్దు పొడిచినది మొదలు పొద్దు గ్రుంకువరకు కూలికి పత్తి యేరి, పని ముగిసిన పిమ్మట రైతు నడిగి పిడికెడు పత్తి కొంగున కట్టుకొని వచ్చి, రాత్రి కూర్చుండి గింజ తీసి వత్తులు చేయును. నేను పురాణము చదువుచున్న వెలుతురు ఆమె వేళ్లనుండి వచ్చినది. అందులో దీపదాన ఫలము చెప్పిన అధ్యాయమును సయితము ఆ వెలుతురుననే చదివియుంటిని.

ఆ రాత్రియే ఆమె గుడిసెకు పోయితిని. ‘అవ్వా, నా మాట తప్పు. రేపటినుంచి రా’ అంటిని. ఆమె నన్ను చూచి లేచి నిలుచుండి, ‘తప్పేముంది పంతులూ, నిద్ర అచ్చింది నిజమే గదా. పురాణం నాకు ఎక్కది. దీపం కాడ గడియసేపు కూసుంటే పానం నిమ్మలమైతది. గందుకే అచ్చేదాన్ని’ అన్నది. అంతకుమించి ఆమెయు పలుకలేదు, నేనును పలుకజాలనైతిని. మరునాడు ఆమె వచ్చినది. ఎప్పటివలెనే స్తంభమునకు చేరగిలి నిద్రించినది. ఈ మారు పిల్లలు నవ్విన పిల్లలను మందలించి, నేను గొంతు తగ్గించి చదివితిని. మరుసటి ఏడు పత్తి యేరువారు ఇండ్లకు చేరి అన్నము తిని వచ్చు వేళకు పురాణకాలమును మార్చితిని. వినువారు రెట్టింపైరి.

ఆ పిమ్మట నేను చదివిన గ్రంథములను మరల తెరచి చూచుకొంటిని. నాకు కనబడకపోయిన వానిని శాస్త్రము ముందే చెప్పియున్నది. కార్తీక పురాణము సోమవార వ్రతమును ఆరు విధములుగా చెప్పినది: ఉపవాసము, ఏకభుక్తము, నక్తము, అయాచితము, స్నానము, తిలదానము. దినమంతయు నిరాహారముగ నుండగలవాడు ఉపవాసము చేయును. ఉండలేనివాడు పగలు ఒక్కపూట భుజించును, అది ఏకభుక్తము. పగలు మాని చుక్కలు పొడిచిన పిమ్మట భుజించుట నక్తము. తాను వండుకొనక, ఒకరి నడుగక, పిలిచి పెట్టినదానితో తృప్తిపడుట అయాచితము. ఇవి యేవియు చాలనివానికి స్నానము చాలును. అదియు కానివాడు నువ్వులు దానమిచ్చినను చాలును. ఈ మెట్లన్నియు ఎందులకు? ఎవ్వరును వెలుపల నిలిచిపోకుండుటకు. మనమో, పైమెట్టుపై నిలిచి క్రిందిమెట్టువానిని చిన్నచూపు చూచుచున్నాము.

స్నాన విషయమునను అంతే. మునిగిన గాని స్నానము కాదని మనము పట్టుపట్టుదుము. ధర్మశాస్త్రకారులు స్నానములు ఏడనిరి. నీట మునుగుట వారుణము. మంత్రములతో ప్రోక్షించుకొనుట మాంత్రము. పవిత్రమైన మట్టి పూసికొనుట భౌమము. భస్మము ధరించుట ఆగ్నేయము. ఆవుల మంద నడచునపుడు లేచిన ధూళి సోకుట వాయవ్యము. ఎండ కాయుచుండగా కురిసిన వానలో తడియుట దివ్యము. దేవుని తలచుకొనుట మానసము. రోగి, వృద్ధుడు, ప్రయాణమున నున్నవాడు, నీరు దొరకనివాడు వీరందరు శాస్త్రకారుల కన్నులయెదుట నుండిరి. వారిని మరచినవారము మనమే.

ఇప్పుడు మన యూళ్లను ఒక్కమారు తలచుకొనుడు. గోదావరిఖనిలో రాత్రి షిఫ్టు దిగి తెల్లవారిన పిమ్మట గనినుండి పైకి వచ్చు కార్మికుడు సూర్యోదయమునకు ముందు నదీస్నానము ఎట్లు చేయును? జగిత్యాల, కోరుట్ల వైపు బీడీలు చుట్టు తల్లులకు కట్టల లెక్క ముగిసిన గాని దినము ముగియదు. సిరిసిల్లలో మగ్గముల మ్రోతలో పగలు రాత్రి ఒక్కటియే. గల్ఫు దేశములకు పోయిన మన బిడ్డలు పదిమంది పడుకొను గదిలో దీపము పెట్టుకొనుటకు చోటెక్కడిది? వీరందరికి శాస్త్రమున చోటు కలదు. గని దిగివచ్చినవాడు ఆ వేళనే తలపై నీళ్లు పోసికొని దేవుని తలచుకొన్నచో అది అతని కార్తీక స్నానము. ఎడారిలోనివాడు కన్నులు మూసికొని ఇంటి తులసికోటను తలచుకొన్నచో అది మానసము. ఈ మాట వారికి చెప్పవలసిన వారెవరు? పల్లెలలో పురాణము విప్పి చదువగల మీవంటి పెద్దలే.

దీపమును గూర్చియు ఒక్కమాట. కార్తీక దీపము పెట్టునపుడు మనము చెప్పుకొను శ్లోకము మీలో పెక్కురకు కంఠస్థమై యుండును. దాని భావమును ఎన్నడైన ఆలోచించితిరా? పురుగులు, మిడుతలు, దోమలు, చెట్లు, నీట నేల తిరుగు ప్రాణులు, ఈ దీపమును చూచినవన్నియు జన్మబంధమునుండి విడివడవలెనని అందులోని కోరిక. దీపము పెట్టినవానికి మాత్రమే కాదు, చూచినవానికి ఫలము. దోమకుగూడ మోక్షము కోరిన ధర్మము, స్తంభమునకు చేరగిలి నిద్రించు ముసలిదానిని లేచి పొమ్మనునా?

మన ఆడవారు ఈ మాసము ముగిసిన మరునాడు, మార్గశిర శుద్ధ పాడ్యమినాడు, తెల్లవారుజామున పోలి కథ చెప్పుకొని అరటిదొప్పలలో దీపములు నీట వదలుదురు. అత్త తనంతటి భక్తురాలు లేదను గర్వముతో తక్కిన కోడండ్రను వెంటబెట్టుకొని దినదినము నదికి పోవుచుండెను. చిన్నకోడలు పోలిని మాత్రము ఇంటి చాకిరికి విడిచి, దీపపు సామగ్రియంతయు దాచి పోయెడిది. పోలి పెరటిలో రాలిన పత్తితో వత్తి చేసి, కవ్వమునకు అంటిన వెన్న తీసి దీపము వెలిగించి, అత్తకు కనబడకుండ గంప మూసెడిది. మాసము నిండగానే విమానము దిగినది. అత్త తనకే వచ్చినదనుకొన్నది. కాని బొందితో స్వర్గమునకు పోయినది పోలి. ఈ కథ శాస్త్రులు వ్రాసినది కాదు. ఇంటి పని తీరక నదికి పోలేకపోయిన స్త్రీలు తమలో తాము చెప్పుకొన్నది. బాల్యమున దీనిని మా నాయనమ్మ చెప్పగా నేను ఆడవారి కథయని నవ్వితిని. అందులోని అత్త నేనేయని తెలియుటకు నాకు చాలకాలము పట్టినది.

ఇక ఈ ఏటి కార్తీకమునకు మూడు మనవులు చేసి ముగించెదను.

మొదటిది వృద్ధులకు. మన బాల్యమున గోదావరి వానలనుబట్టి పారెడిది. 1963వ సంవత్సరమున పోచంపాడు వద్ద శ్రీరామసాగరమునకు శంకుస్థాపన జరిగినది. తరువాత ఎల్లంపల్లియు వచ్చినది. పొలములకు నీరందినది, సంతోషమే. కాని నేడు రేవులో లోతు వానలతోపాటు గేట్లనుబట్టియు మారుచున్నది. నిన్న మోకాలిబంటి యున్నచోట నేడు అట్లే యుండునని నమ్మరాదు. చీకటిలో ఒంటరిగా దిగవలదు. గుండెజబ్బు గలవారు వైద్యుని మాట విని ఇంట గోరువెచ్చని నీటితో స్నానము చేయుట వ్రతభంగము కాదు. ఏడు స్నానములు చెప్పిన ఋషులు మీ పక్షమున నున్నారు.

రెండవది నదిని గూర్చి. పుణ్యమునకై దిగిన నీటిలో ప్లాస్టిక్ దొన్నెలు, థర్మోకోల్ పళ్లెములు, పాత బట్టలు విడిచివచ్చుట ఏ పురాణమునను లేదు. అరటిదొప్పయు మోదుగాకు దొన్నెయు మనకు కరవు కాలేదు. ఒడ్డున నొక దీపము పెట్టి, మనము తెచ్చిన చెత్తను మనమే తిరిగి తీసికొని పోవుటకూడ నియమమే.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. ఉసిరిచెట్టు నీడను దేవుని కొలిచి, వండుకొన్నది పదిమందితో కలిసి భుజించుట వనభోజనము. ఇటీవల పెక్కుచోట్ల ఈ వనభోజనములు కులమునకొక్కటిగా జరుగుచున్నవి. ఉసిరిచెట్టు తన నీడను అట్లు పంచి యియ్యదు. ఒక్కొక్క కులము తనవారిని కలుపుకొనుట తప్పని నేననను; కాని ఊరిపెద్దలు ముప్పది దినములలో ఒక్కదినమైన ఊరంతటికి ఒక్క పంక్తి వేయింపజాలరా? ఆ పంక్తిలో మనకు పత్తి యేరినవారును, వరి కోసినవారును, డప్పు కొట్టినవారును ప్రక్కన కూర్చుండవలెను. వడ్డించుట మీరు చేయవలెను. ఇది కష్టమని నేనెరుగుదును. నిండు సోమవారము నిరాహారముగ నుండుటకంటె కష్టము. కావుననే దీనిని మీ నియమముగ పూనుడని కోరుచున్నాను.

నేను ఈ వయసున వాగుకు పోజాలను. పెరటిలో బావి నీళ్లు తోడుకొని, రెండు చెంబులు తలపై పోసికొని, తులసి యెదుట దీపము పెట్టుదును. వత్తి చేయునపుడెల్ల ఆ అవ్వ చేతులు జ్ఞప్తికి వచ్చును. ఆమె పేరును నేను ఏనాడును అడిగినవాడను కాను. ముప్పది అధ్యాయములు కంఠస్థముగ నున్నవి. ఆమె పేరు లేదు. నేటికిని నాకు తీరని లోటిది.

మన నియమము మనకు కఠినముగ నుండుగాక. ఇతరుల యెడల మృదువుగ నుండుగాక. ఇంతటితో నా ప్రసంగమును ముగించుచున్నాను. స్వస్తి.